దాత పేరును, వృద్ధుల హక్కును

పల్నాటిసీమలో, మాచర్లకు సమీపమున, కృష్ణానది కుడియొడ్డున విజయపురి సౌత్ అను చిన్న యూరొకటి గలదు. నాగార్జునసాగరపు ఆనకట్ట కట్టునాఁడు పనివారికొఱకును ఉద్యోగస్థులకొఱకును వెలసిన యూరది. ఎదుటి యొడ్డుననున్న దానినుండి వేఱుపఱచుటకై దానికి ఇంగ్లీషు తోఁక తగిలించిరి గాని, ముందున్న పేరు మాత్రము మిక్కిలి ప్రాఁతది. ఇంచుమించు పదునేడువందల యేండ్లక్రిందట ఇక్ష్వాకురాజులు రాజధానిగాఁ జేసికొని యేలిన విజయపురి పేరే యది. ఆ నగరము నేఁడు జలాశయము క్రింద నున్నది. నీరు నిండకమున్నే త్రవ్వి తీసిన శిల్పములును శాసనములును నాగార్జునకొండ దీవిమీఁది ప్రదర్శనశాలకుఁ జేరినవి. విజయపురి సౌత్ రేవున లాంచి యెక్కినవారు వానిని పోయి చూడవచ్చును.

ఆ శాసనములలో మహాచైత్యపు ఆయకస్తంభములమీఁద చెక్కినవి కొన్ని గలవు. వానిని ఫోగెల్ అను డచ్చి పండితుఁడు చదివి ప్రకటించెను. వీరపురుషదత్తుని ఆఱవ పాలనవర్షమున వ్రాయించిన ఆ శాసనములు, ఆ రాజునకు మేనత్తయు అత్తగారును అయిన చాంతిసిరి దానగుణమును వర్ణించుచున్నవి. శ్రమణులకు, బ్రాహ్మణులకు, దరిద్రులకు, యాచకులకు, దీనులకు ఆమె సాటిలేని దానములను ధారవోసెనని ఒక దీర్ఘసమాసమునఁ జెప్పఁబడినది. ఆమె సోదరుఁడగు చాంతమూలమహారాజు కోట్లకొలఁది సువర్ణమును, లక్ష గోవులను, లక్ష నాఁగళ్లను ఇచ్చినవాఁడట.

ఈ వర్ణనలో ఇచ్చినవారి పేరు, వంశము, బిరుదులు, చుట్టఱికములు అన్నియుఁ దెలియుచున్నవి. పుచ్చుకొన్నవారు సమాసములోని పదములు మాత్రమే. వారిలో ముసలివారు ఎందఱుండిరో, ఎవ్వరుండిరో రాయి చెప్పదు. వారు ‘దీనులు’ అను మాటలో ఎక్కడనో కలిసిపోయిరి. ఇందులకు చాంతిసిరిని తప్పుపట్టుట నా యుద్దేశము గాదు. ఆమె కాలమునకు అంతకంటె వేఱు వ్రాఁత యుండదు. ఆమెవలె ఇచ్చినవారెందఱో రాతిమీఁది కెక్కకయే పోయిరి. కాని ముసలివారికిఁ బెట్టుట దాత పుణ్యమా, ముసలివారి హక్కా యను ప్రశ్న ఆ రాతినుండి బయలుదేఱి నేఁటి పింఛను కాగితము దాఁక విడువక వచ్చుచున్నది. దాని త్రోవను కొంతవఱకు చూపుటయే యీ వ్యాసమునఁ దలఁచినది.

చాంతిసిరికంటె ఇంచుమించు అయిదువందల యేండ్లు ముందటివాఁడు అశోకుఁడు. అతని ధర్మలిపులు మన కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలమీఁద నున్నవి. వానిలో ఎనిమిదవ శాసనమున ఒక చిత్రమైన మాట గలదు. పూర్వపు రాజులు వేఁటకును వినోదమునకును యాత్రలు పోవుచుండిరనియు, తాను ధర్మయాత్రకుఁ బోయి శ్రమణబ్రాహ్మణులకు దానము చేయుటయేగాక వృద్ధులను దర్శించి వారికి బంగారము ఏర్పాటు చేయుచుంటిననియు అతఁడు చెప్పుకొనెను. అయిదవ శాసనమున, చెఱసాలలోని వారిలో బిడ్డలుగలవారిని, వయసు ముదిరినవారిని కనిపెట్టి విడిపించుపని ధర్మమహామాత్రుల కప్పగింపఁబడినది. ఇక్కడ ముసలివారు దీనులలోఁ గలిసిపోలేదు. వారికొక పేరున్నది, వారిని చూచుట కొక ఉద్యోగి యున్నాఁడు. అర్థశాస్త్రము మఱియొక యడుగు వేసినది. బాలురను, వృద్ధులను, వ్యాధిగ్రస్తులను, దిక్కులేనివారిని రాజు పోషింపవలెననుటతో అది యూరకుండలేదు. శక్తి యుండియు తల్లిదండ్రులను పోషింపని వానికి పండ్రెండు పణములు దండుగ విధించినది. పతితులైన వారిని పోషింపకున్న దోషము లేదని చెప్పి, వెంటనే తల్లిని మాత్రము ఆ మినహాయింపునుండి తప్పించినది. తల్లి యెట్టిదైనను అన్నము పెట్టి తీరవలసినదే యన్నమాట. ఆ గ్రంథము ఎన్నో కఠినమైన సంగతులు చెప్పును. ఈ యొక్క వాక్యము దగ్గఱ మాత్రము దాని గొంతు మాఱినట్లు నాకుఁ దోఁచును.

అయినను వీనిలో అన్నిటను రాజు ఇచ్చును, రాజు దండించును. ముసలివాఁడు తానుగా వచ్చి నాకు రావలసినది యిమ్మని యడుగుట కనఁబడదు.

ఇఁక మన సంస్కరణయుగమునకు వత్తము. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన వీరేశలింగముగారి నాఁటినుండి ఏఁబది, అఱువది యేండ్లపాటు తెలుఁగు పత్రికలలో పడుచువితంతువు కన్నీరు ఇంకని దినము లేదు. అది న్యాయమే. కాని ఆ వితంతువు పెండ్లాడకయే ముసలిదైనచో ఆమె గతి యేమని అడిగిన వ్యాసములు బహుస్వల్పము. ఆ సాహిత్యమున ముసలివాఁడు వచ్చెనా, పసిపిల్లను కొనవచ్చిన వరుఁడుగానే తఱచు వచ్చును. 1897లో అచ్చయిన కన్యాశుల్కములోని లుబ్ధావధానులు అందఱికిని తెలిసినవాఁడే. వానిని చూచి నవ్వుటకు మనము నేర్చుకొంటిమి, నవ్వవలసినదే; ఐనను వృద్ధాప్యమన్నంతనే నవ్వో ఏవమో కలుగు నలవాటు మనలో కొంత ఆ పుటలనుండియే వచ్చినదేమో విచారింపవలెను. మఱియొక కారణమును గలదు. స్వాతంత్ర్యము వచ్చునాఁటికి ఈ దేశమున సగటు ఆయుర్దాయము ముప్పదిరెండేండ్ల ప్రాంతమున నుండెను. అఱువది దాఁటినవారు తక్కువ. దాఁటినవారు ఉమ్మడికుటుంబపు నీడలో నుందురని అందఱి నమ్మకము. ఆ నీడలో ఎవరు కూర్చుండిరో, ఎవరు పొయ్యి ముందు నిలిచిరో ఆ యింటి ముదుసలి వితంతువు నడిగియుండిన తెలిసెడిది. 2011 జనాభా లెక్కలలో అఱువది దాఁటినవారు దేశమునందు 10 కోట్ల 38 లక్షలకు చేరిరి.

హక్కు అను మాట మొదట పరదేశములలో పుట్టినది. జర్మనీ దేశమున 1889లో బిస్మార్కు ప్రభుత్వము కార్మికులకు వృద్ధాప్యపు భీమాచట్టము చేసెను. దానికి వయసు డెబ్బది. డెన్మార్కు 1891లోను, న్యూజీలాండు 1898లోను పింఛను లేర్పఱచినవి. మనకు ఎక్కువ నేర్పునది ఇంగ్లండు కథ. అచ్చట బీదవృద్ధులకు దిక్కు ‘దరిద్రచట్టపు’ శరణాలయము. అందు చేరుట చావుకంటె హీనమని అక్కడివారి భావము. చార్లెస్ బూత్ అను నోడవర్తకుఁడు లండనులోని దారిద్ర్యమును లెక్కగట్టి, ముసలితనమే బీదతనమునకు పెద్ద కారణములలో నొకటి యని చూపి, యోగ్యులా అయోగ్యులా యని విచారింపక అందఱికి పింఛను ఇయ్యవలెనని వాదించెను. 1899లో ఫ్రాన్సిస్ హెర్బర్టు స్టెడ్ అను క్రైస్తవబోధకుఁడు కార్మికసంఘములను కూడఁగట్టి దేశవ్యాప్తముగా ఉద్యమము నడపెను. తొమ్మిదేండ్ల పోరాటమునకుఁ బిమ్మట 1908లో చట్టమైనది. 1909 జనవరి 1వ తేదీనుండి డెబ్బదియేండ్లు నిండిన బీదలకు వారమునకు అయిదు షిల్లింగులు చొప్పున ఇచ్చిరి.

ఆ చట్టమున గమనింపవలసినది షిల్లింగుల సంఖ్య గాదు. ఆ సొమ్మును దరిద్రపోషణాధికారులచేత ఇప్పింపక తపాలాకచేరిలో ఇప్పించిరి. ఉత్తరపు బిళ్ల కొనువాఁడును పింఛను తీసికొనువాఁడును ఒకే కిటికీకడ నిలిచిరి. ముసలివాఁడు ఎవరికిని నమస్కరింప నక్కఱలేకపోయినది. ఇంతటి చట్టమును తొలుత దరిద్రచట్టపు సాయము పొందుచున్న వారిని మినహాయించినదని కూడ చెప్పకుండరాదు. ‘యోగ్యత’ యను దయ్యము అక్కడను వెంటనే వదలలేదు.

మన దేశమున త్రోవ రెండుగాఁ జీలినది. ఒకటి కుటుంబముమీఁది హక్కు, రెండవది రాజ్యముమీఁది హక్కు. మొదటిది కొంత సులభముగ నడచినది. 1956లో చేసిన హిందూ దత్తత, పోషణచట్టము, తమ్ముఁ దాము పోషించుకొనలేని వృద్ధులగు తల్లిదండ్రులను పోషించుట కొడుకునకేగాక కూఁతురునకును విధియని చెప్పినది. 1973 నాఁటి క్రిమినలు ప్రక్రియాస్మృతి 125వ సెక్షను, మతభేదము లేకుండ తల్లిదండ్రులకు మేజిస్ట్రేటుకడకుఁ బోవు వీలు కలిగించినది. పెండ్లియైన కూఁతురును బాధ్యురాలేయని సుప్రీముకోర్టు 1987లో తీర్పు చెప్పినది. పిమ్మట 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణసంక్షేమచట్టము వచ్చెను. దానిక్రింద వృద్ధులు న్యాయవాది లేకయే ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. సామాన్యముగ తొంబది దినములలో తీర్పు కావలెను. నెలకు పదివేలు మించకుండ పోషణ ఇప్పింపవచ్చును. సంతానము లేనివారికి, వారి యాస్తికి వారసులు కాఁగల బంధువులు బాధ్యులు. ఇందొక వింత గలదు: ఆ చట్టమున ‘సంతానము’ అను నిర్వచనములోఁ గోడలు లేదు. వంటయు, పథ్యమును, రాత్రివేళ లేచి నీళ్లిచ్చుటయు తఱచు ఆమె చేతులమీఁదనే జరుగును గాని, ఆ పనికి చట్టపుపుటలలో నెక్కడను పేరు లేదు.

ఇంటి పెద్దలు ఆ చట్టపు 23వ సెక్షనును తప్పక తెలిసికొనవలెను. పోషించుదురను షరతుమీఁద ఆస్తిని బిడ్డలకు వ్రాసియిచ్చి, పిదప వారు పోషింపకపోయిన, ఆ దస్తావేజును రద్దుచేయించు హక్కు ముసలివారికి గలదు. ఆ షరతును దస్తావేజున చూపనిచో లాభములేదని 2022 డిసెంబరులో సుప్రీముకోర్టు చెప్పెను. 2025 జనవరి 2వ తేదీని అదే కోర్టు, ఈ చట్టము వృద్ధుల మేలుకొఱకుఁ బుట్టినది గాన ఉదారముగ అర్థము చేసికొనవలెనని మఱియొక వ్యాజ్యమునఁ జెప్పి, తల్లి ఇచ్చిన దానపట్టాను రద్దుచేసినది. ఏమైనను, కొడుకుమీఁది ప్రేమచేత ఆ యొక్క పంక్తిని వ్రాయింపక విడుచుట తెలివిగాదు. ప్రేమగల కొడుకునకు ఆ పంక్తివలన నష్టము లేదు గదా!

రెండవ త్రోవ, రాజ్యముమీఁది హక్కు, ఇంత సుగమము గాలేదు. మన రాజ్యాంగపు 41వ అధికరణము వృద్ధాప్యమున ప్రభుత్వసహాయము పొందు హక్కును పేర్కొన్నది. కాని రాజ్యముయొక్క ఆర్థికశక్తికి లోఁబడి యన్నది. అంతకు ముందే 37వ అధికరణము, ఈ భాగములోని సూత్రములను కోర్టులచేత అమలు జరిపింపరాదన్నది. ఒకచేత ఇచ్చి ఒకచేత పట్టుకొన్నట్లయినది.

ఇచ్చట నాగార్జునసాగరపు సంగతి చెప్పవలసియున్నది. 1955 డిసెంబరు 10వ తేదీని నెహ్రూగారు ఆ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీని ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. రాతితోఁ గట్టిన ఆనకట్టలలో ప్రపంచమున మిక్కిలి పెద్దదిగా దానికిఁ బేరు. యంత్రములు తక్కువ, మనుష్యులు ఎక్కువ యైన పని యది. వేలకొలఁది స్త్రీపురుషులు రాయిని, సున్నమును తలకెత్తుకొని మోసిరి. ఆ పనికి కొలతలు చూచిన ఇంజనీరునకును, లెక్కలు వ్రాసిన గుమాస్తాకును ప్రభుత్వోద్యోగమైనచో వృద్ధాప్యమున పింఛను గలదు. ఆ పింఛను ఎవరి దయయుఁ గాదు. 1971లో దేవకీనందనప్రసాదు వ్యాజ్యమునను, 1982 డిసెంబరు 17వ తేదీని నకారా వ్యాజ్యమునను సుప్రీముకోర్టు, పింఛను సర్కారువారి బహుమానము గాదనియు, చేసిన సేవకు దక్కవలసిన హక్కనియు స్పష్టముగఁ జెప్పినది. నకారాగారు రక్షణశాఖలో పనిచేసి విశ్రమించిన ఉద్యోగి. ఆయనతోఁ గూడ వ్యాజ్యము నడపినది ‘కామన్ కాజ్’ అను సంస్థ. విశ్రాంతోద్యోగులు నేఁటికిని ప్రతిసంవత్సరము డిసెంబరు 17ను పింఛనుదారుల దినముగా జరుపుకొనుచున్నారు. వారి యుత్సవము యోగ్యమైనదే.

కాని అదే ఆనకట్టకు రాయి మోసిన యాఁడుదాని సేవ సేవకాదా? ఆమె ఎవరి రిజిస్టరులో ఉద్యోగిని? ఆమె కూలి దినకూలి; కూలితోఁ బాటు లెక్క తీఱిపోయినది. ఆమె ముసలిదైన పిమ్మట ఆమెకు వచ్చునది ‘సాంఘికసహాయము’. ఒకే గోడ కట్టినవారిలో ఒకరికి హక్కు, మఱియొకరికి సహాయము. ఈ భేదము ఎవరును కూర్చుండి చేసిన దుర్మార్గము గాదు గాని, అన్యాయము గాకపోలేదు.

ఆ సహాయముయొక్క కథ యిట్లు నడచినది. 1995 ఆగస్టు 15వ తేదీని కేంద్రప్రభుత్వము జాతీయ వృద్ధాప్యపు పింఛను ప్రారంభించెను. అఱువదియైదు నిండిన నిరుపేదలకు నెలకు 75 రూపాయలు. 2001లో రాజస్థానమందలి పౌరహక్కుల సంఘమువారు ఆకలిచావులనుగుఱించి సుప్రీముకోర్టున వ్యాజ్యము వేసిరి. ఆ సంవత్సరము నవంబరు 28వ తేదీ యుత్తరువున, ఇతర అన్నపథకములతోఁ బాటు ఈ పింఛనును అర్హులకు ప్రతినెల 7వ తేదీలోపల చెల్లింపవలెనని కోర్టు ఆజ్ఞాపించినది. చూచుటకు చిన్న యుత్తరువు. ఫలితము చిన్నది గాదు. ఇయ్యవలసిన తేదీ యొకటి యేర్పడినపుడే ‘ఇంకను రాలేదేమి?’ యని అడుగుటకు చోటు గలుగును. దానమునకు తేదీ యుండదు.

2006లో కేంద్రపు వంతు 200 రూపాయలైనది. 2011లో వయసు అఱువదికి దిగెను, ఎనుబది దాఁటినవారికి 500 అయ్యెను. 2012 మే నెలలో అరుణారాయ్, బాబా ఆఢావ్ మొదలగువారి నాయకత్వమున పింఛను పరిషత్తు అను పేర పలు రాష్ట్రముల వృద్ధులు ఢిల్లీలో జంతరుమంతరువద్ద ధర్నా చేసిరి. ఇండ్లు తుడిచినవారు, మూటలు మోసినవారు, పొలములలో వంగి వంగి నడుము నిలువనివారు వేసవియెండలో వచ్చి కూర్చుండిరి. కనీసవేతనములో సగము, నెలకు రెండువేలకు తక్కువగాకుండ, బీదయని ముద్రవేయక అందఱికి ఇమ్మని వారి కోరిక. ఇచ్చినవారి పేరు రాతిమీఁద నిలిచి, పుచ్చుకొన్నవారి పేరు పోయిన చరిత్రలో, పుచ్చుకొనువారే వచ్చి మా కింత రావలెనని లెక్కచెప్పిన ఘట్టములలో నిది యొకటి. కేంద్రపు రెండువందలు మాత్రము దానివలన కదలలేదు.

కదలినది రాష్ట్రములలో. ఆంధ్రప్రదేశమున 2014 అక్టోబరులో 200 రూపాయల పింఛను వేయి యైనది. 2019 ఆరంభమున రెండువేలు. ఆ సంవత్సరమే జులైలో 2,250, వయసు అఱువదియైదునుండి అఱువది. 2024 జనవరిలో మూఁడువేలు. ఆ యేఁటనే ప్రభుత్వము మాఱి, ఏప్రిలునుండి లెక్కగట్టి నాలుగువేలు చేసి, జులై 1వ తేదీని వెనుకటి బాకీతోఁగూడ ఏడువేలు చేతికిచ్చిరి. ఏ పక్షమువారైనను పెంచినవారే గాని తగ్గించినవారు లేరు. ముసలివారి యోటు ఆ పని చేసినదని పెదవి విఱుచువారు గలరు. ఓటు చేయకున్న మఱి యేమి చేయవలెనో వారు చెప్పరు. ప్రజాస్వామ్యమునందు అడుగుటకు బీదలకున్న నోరు అదియే గదా!

నా యాక్షేపణము సొమ్ముమీఁద గాదు, పేరులమీఁద. కేంద్రపథకమునకు ఇందిరాగాంధీగారి పేరు. ఆంధ్రమున ఒక ప్రభుత్వము ‘ఎన్.టి.ఆర్. భరోసా’ యనెను, తరువాతిది ‘వై.యస్.ఆర్. పింఛను కానుక’ యనెను. దాని తరువాతిది మఱల మొదటి పేరే పెట్టెను. తెలంగాణమున 2014లో పెట్టిన పేరు ‘ఆసరా’. ఆసరా, భరోసా యనునవి తీయని మాటలే. కానుక యనునది మఱింత తీయనిది. ఐనను ఇంజనీరుగారి పింఛనును ఎవరును కానుక యనలేదు. ప్రభుత్వము మాఱినపుడెల్ల కాగితముమీఁది పేరు మాఱుచున్నది. క్రింద వ్రేలిముద్ర వేయునామె మాత్రము మాఱలేదు. చాంతిసిరి స్తంభమునకును ఈ కాగితమునకును నడుమ పదునేడు శతాబ్దులు గడచినవి, అచ్చటను ఇచ్చటను పైన నున్నది దాత పేరే.

పేరునకు ఇంత పట్టుదల యేల యని కొందఱడుగవచ్చును. 2024 వేసవిని తలఁచుకొందురు గాక. అంతకు నాలుగేండ్లుగా, 2020 ఫిబ్రవరినుండి, వాలంటీర్లు పింఛనును ఇంటికిఁ దెచ్చి యిచ్చుచుండిరి. ఎన్నికలవేళ, వారు నగదు పంచరాదని ఎన్నికల సంఘము ఉత్తరువిచ్చెను. ఏప్రిలునెలలో వృద్ధులు సచివాలయములకు నడచిరి. తరువాతి నెలలలో సొమ్ము బ్యాంకులలో పడఁగా అక్కడ వరుసలు గట్టిరి. ఎండదెబ్బకు కొందఱు ప్రాణములు కోల్పోయిరని పత్రికలు వ్రాసెను. తప్పు మీదనఁగా మీదని పక్షములవారు వాదులాడుకొనిరి. ఇచ్చు చెయ్యి ఎవరిదను తగవు వచ్చినపుడు, పుచ్చుకొను చెయ్యి ఎండలో నిలువవలసివచ్చినది. తపాలాకచేరి కిటికీ ఏ పక్షమునకును జెందనిది; ఇంగ్లండువారు దానిని ఎన్నుకొనిరని ఇంతకుముందు చెప్పిన మాట యిక్కడ జ్ఞాపకము వచ్చును.

ప్రపంచమునను ఈ పని మెల్లగనే నడచుచున్నది. 1948లో అర్జెంటీనా దేశము వృద్ధుల హక్కుల ప్రకటన యొకటి చేయవలెనని ఐక్యరాజ్యసమితి ముందుంచెను. స్త్రీలకు, బాలురకు, వికలాంగులకు వేఱువేఱు ఒడంబడికలు వచ్చినవి, వృద్ధులకు రాలేదు. డెబ్బదియేడేండ్లకుఁ బిమ్మట, 2025 ఏప్రిలునెలలో, అట్టి యొడంబడికను వ్రాయుటకై మానవహక్కుల మండలి ఒక కార్యసంఘమును నియమించుటకు తీర్మానించెను.

సాగరపు పనికి ఇరువదియేండ్ల ప్రాయమున రాయెత్తినవారిలో బ్రతికియున్నవారు నేఁడు ఎనుబదులు దాఁటియున్నారు. ఇప్పుడు నెల మొదటి దినమున సచివాలయపు ఉద్యోగి యంత్రము చేతఁబట్టుకొని వృద్ధుల యిండ్లకు వచ్చుచున్నాఁడు. వ్రేలు పెట్టవలెను. యంత్రము వ్రేలిగీఁతలను చూచి, మనిషి ఆ మనిషియే యని ఒప్పుకొనవలెను. రాయియు సున్నమును మోసిన చేతులలో ఆ గీఁతలు తఱచు అరిగిపోయియుండును. ఒకసారి, రెండుసారులు, మూఁడుసారులు వ్రేళ్లు మార్చి మార్చి పెట్టుదురు. పడకున్న కంటిపాపనో ముఖమునో చూపుదురు. ఆనకట్ట గట్టిన చేతిని యంత్రము గుర్తుపట్టువఱకు ఆ ముసలిది గుమ్మములో కూర్చుండి యుండును.